మార్జిన్‌లో మా అమ్మ

అమ్మ పెద్దకార్యం అయిన మర్నాడు చుట్టాలంతా వెళ్ళిపోయారు. ఇంట్లో నేను, తమ్ముడు, మరదలు మిగిలాం. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక తమ్ముడు నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. పాత బిందెలు, చాపలు దిగుతాయనుకున్నాను. గోనెసంచులు దిగాయి, ఒకదాని తర్వాత ఒకటి మొత్తం పదకొండు. మంచం కింద ట్రంకు పెట్టె ఒకటి. అన్నిట్లోనూ నోటుబుక్కులే.

అమ్మ రామకోటి రాస్తుందని మాకు తెలియక కాదు. చిన్నప్పుడు నిద్ర లేచేసరికి వంటింటి గుమ్మం పక్కన పీట వేసుకుని, రేడియోలో భక్తిరంజని సన్నగా పెట్టుకుని, తల వంచుకుని రాస్తూ కనిపించేది. రోజూ కళ్ళ ముందుండే పని కాబట్టి దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. ఎన్ని రాసింది, ఎంత మిగిలింది అని ఆవిణ్ణి నోరు తెరిచి ఒక్కసారి కూడా అడగలేదు.

మాది పాలకొల్లు. క్షీరారామలింగేశ్వరస్వామి గోపురం మా వీధి మలుపులోంచి కనిపిస్తుంది, నూట ఇరవై అడుగులు, తొమ్మిది అంతస్తులు. కార్తీకమాసంలో అమ్మ తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం చేసి గుడికి వెళ్ళి దీపం పెట్టి వచ్చేది. పోలి పాడ్యమినాడు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కాలవలో వదిలేది. ధనుర్మాసంలో రోజుకో పాశురం. శివుడూ విష్ణువూ అన్న తేడా ఆవిడకి లేదు. కానీ రాసేది మాత్రం రాముడి పేరే.

నాన్న రైసు మిల్లులో గుమస్తా. 1995లో గుండెపోటుతో పోయారు. అప్పటికి నాకు పద్నాలుగేళ్ళు, తమ్ముడికి పది. మిల్లు వాళ్ళు ఇచ్చిన డబ్బు ఆరు నెలలు వచ్చింది. ఆ తర్వాత అమ్మ లేసు అల్లి మమ్మల్ని చదివించింది. మా వైపు ఆడవాళ్ళకి అది తెలిసిన పనే. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లి ఇస్తే కూలి ఇస్తాడు. ఆ లేసు నరసాపురం మీదుగా ఎక్కడెక్కడి దేశాలకో పోయేది. ఎంత పని చేసినా చేతికి వచ్చేది తక్కువే. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిందని పేపర్లో చదివినప్పుడు, ఆ వార్త అమ్మకి చెప్పాలని చెయ్యి ఫోను మీదకి వెళ్ళిపోయింది.

నాన్న పోయిన మరుసటి ఏడు, 1996 శ్రీరామనవమినాడు మొదలుపెట్టింది అమ్మ. మొదటి నోటుబుక్కు మొదటి పేజీలో పసుపు, కుంకుమ, కింద తేదీ.

ఆ సాయంత్రం పుస్తకాలన్నీ హాల్లో పరిచి వరసగా పెట్టాం. ప్రతి అట్ట మీదా నంబరు వేసుకుంది కాబట్టి తడుముకోవలసిన పని లేకపోయింది. 200 పేజీల నోటుబుక్కులు, పేజీకి ఇరవై ఏడు వరసలు, వరసకి నాలుగు పేర్లు, అంటే పేజీకి 108. పుస్తకానికి 21,600. మనిషి ఒక రోజులో తీసే ఊపిరులు కూడా అన్నే అని పెద్దవాళ్ళు చెప్పే లెక్క. అమ్మ ఆ లెక్క చూసుకునే గీతలు గీసుకుందని నా నమ్మకం. ప్రతి పుస్తకం చివరా ఎర్ర సిరాతో అప్పటిదాకా అయిన మొత్తం వేసింది.

మొత్తం 448 పుస్తకాలు తేలాయి. ఆఖరిదానిలో ఎనభై పేజీలు నిండి, మిగిలినవి ఖాళీగా ఉన్నాయి. తమ్ముడు ఫోనులో కాలిక్యులేటర్ తీసి కూడాడు. 93,18,240. కోటికి ఇంకా 6,81,760.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. మరదలే అంది, "వదినా, మనం పూర్తి చేద్దాం."

మర్నాడు రామాలయం పూజారిగారిని అడగడానికి వెళ్ళాం. నాకు రెండు సందేహాలు. ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు రాయొచ్చా? ఏడాది గడవకుండా రాయొచ్చా? ఆయన అమ్మని బాగా ఎరుగును. "నామానికి మైలేమిటమ్మా? మీ అమ్మగారి పేరున సంకల్పం చెప్పుకుని రాయండి. కొడుకు రాసినా, కోడలు రాసినా, కూతురు రాసినా ఆవిడ చెయ్యే" అన్నారు. కర్మంతా తమ్ముడు చేశాడు. నేను పక్కన నిలబడి చూశానంతే. ఆ పదకొండు రోజులూ అమ్మ కోసం నేను చేసింది ఏమీ లేదన్న బాధ లోపల మెలిపెడుతూ ఉండేది. పూజారిగారు 'కూతురు' అని కూడా అన్నప్పుడు గుడి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను.

2025 శ్రీరామనవమికి పూర్తి చేయాలనుకున్నాం. రమారమి పద్నాలుగు నెలలు. రోజుకి 1,600 పేర్లు. నాకు 800, మరదలికి 500, తమ్ముడికి 300 అని పంచుకున్నాం. అమ్మ సగం రాసి వదిలిన పుస్తకం నేను తీసుకున్నాను.

హైదరాబాదు వచ్చాక, రాయడానికి కూర్చున్న మొదటి రోజే ఆ పుస్తకంలో అమ్మ ఆఖరి పేజీ సరిగ్గా చూశాను. ఎడమవైపు మార్జిన్‌లో చీమల్లాంటి అక్షరాలు. పెన్సిలుతో రాసింది.

'పెద్దది ఫోన్ చేసింది. పండక్కి రావడం కుదరదట. సెలవు లేదట. పాపం.'

నిజమే. 2024 సంక్రాంతికి నేను వెళ్ళలేదు. ఆఫీసులో ఆడిట్ నడుస్తోంది. కనుమ వెళ్ళిన మూడో రోజున అమ్మ పోయింది. నేను వెళ్ళేసరికి ఐసు పెట్టెలో ఉంది. 'పాపం' అన్న మాట ఎదురుచూసిన తనని గురించి కాదు, రాలేకపోయిన నన్ను గురించి. ఆ ఒక్క మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ రోజు ఒక్క పేరూ రాయలేదు.

తర్వాతి శనివారం బస్సెక్కి పాలకొల్లు వెళ్ళాను. మొదటి పుస్తకం నుంచీ తిరగేశాను. మార్జిన్‌లో ఆ రాత అన్నిట్లోనూ ఉంది. రోజూ కాదు, రాయాలనిపించిన రోజు ఒకటో రెండో మాటలు. లెక్క చెడకుండా, దేవుడి పేరు రాసే చోట కాకుండా, ఎర్ర గీతకి ఇవతల. అమ్మకి డైరీ రాసే అలవాటు లేదు. ఐదో తరగతి దాకా చదువుకుంది. తన గురించి తను కాగితం మీద పెట్టింది ఆ అంగుళం వెడల్పు మార్జిన్‌లోనే.

1996 నవంబరు తుపాను పేజీ నా ఒళ్ళో పెట్టుకుని చూశాను. ఆరో తారీకు రాత్రి కోనసీమని తుడిచిపెట్టేసిన గాలి మా మీదా విరుచుకుపడింది. ఆ పేజీలో సిరా కరిగి, నాలుగు వరసలు నీలం మరకలైపోయాయి. కాగితం ఎండి అప్పడంలా వంకర్లు తిరిగి ఉంది. మరకల కింద అవే నాలుగు వరసలు మళ్ళీ రాసింది. మార్జిన్‌లో: 'పెంకులు లేచిపోయాయి. పిల్లలిద్దరూ మంచం కింద. తడిసినవి లెక్కలోకి వేయలేదు.'

మంచం కింద పడుకున్నది నాకు గుర్తుంది. దీపం ఆరిపోతే అమ్మ మళ్ళీ వెలిగించడం గుర్తుంది. ఇంటికప్పు ఎగిరిపోతున్న రాత్రి తర్వాత తడిసిన రామనామాలని ఏరి లెక్కలోంచి తీసేసిందని మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళకి తెలిసింది.

'ఏజెంటు నాలుగు రోజుల్లో ఇస్తానన్నాడు, నెల అయింది.' 'ఫీజు కట్టేశాను. రామా నీ దయ.' 'పెద్దదానికి ఫస్టు క్లాసు.' నా పెళ్ళిరోజు తేదీ కింద: 'ఇవాళ రాయలేదు. రేపు రెండింతలు.' మర్నాడు నిజంగానే రెండింతలు ఉన్నాయి. నన్ను అత్తారింటికి పంపిన మర్నాడు, పందిరి కూడా విప్పకముందు, ఆ పీట మీద రెండు గంటలు కూర్చుందన్నమాట. 2016 నవంబరులో: 'బ్యాంకు దగ్గర లైను. కాళ్ళు లాగాయి. లేసు డబ్బులు మూడున్నర వేలు మారలేదు.' 2020 ఏప్రిల్ 2న: 'నవమి. గుడి మూసేశారు. పానకం ఇంట్లోనే. రాముడికి జనం లేని పెళ్ళి.' 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు: 'స్వామి గుట్ట మీద ఉన్నాడు. కింద ఇళ్ళవాళ్ళ గతేమిటో.' 1986లో అక్కడ 75 అడుగులు దాటిన వరదప్పుడు మా దగ్గర లంకల్లో జనం పడ్డ అవస్థ అమ్మ కళ్ళారా చూసింది. గోదారి పెరిగిందంటే ఆవిడకి మొదట గుర్తొచ్చేది జనమే.

వీటన్నిటికన్నా నన్ను పట్టి కుదిపింది మాట కాదు, అక్షరం సైజు. 2011 మధ్య నుంచి అక్షరాలు పెద్దవవడం మొదలైంది. ముందు కొంచెం, తర్వాత ఇంకొంచెం. 'శ్రీ' గుడి పక్క గడిలోకి పోయింది. చివరికి వరసకి నాలుగు పట్టేచోట రెండే పట్టాయి. పేజీకి 54. అలా ముప్పై రెండు పుస్తకాలు, పద్నాలుగు నెలలు. అమ్మ కళ్ళకి శుక్లాలు ముసురుకుంటున్నాయి. నేను ప్రతి ఆదివారం ఫోను చేసేదాన్ని. "ఎలా ఉన్నావమ్మా?" అంటే "బానే ఉన్నానే, నాకేం? పిల్ల తింటోందా?" అనేది. అక్కడ పుస్తకాల్లో మాత్రం నెల నెలా చూపు పోతున్న సంగతి అంత పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఎవరం తెరిచి చూశాం? చివరికి పాలవాడికి వందనోటుకి బదులు ఐదొందలు ఇచ్చిందని పక్కింటి పిన్నిగారు తమ్ముడికి చెబితే, వాడు భీమవరం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాడు. ఆ తర్వాత పేజీలో అక్షరాలు మళ్ళీ చిన్నవై, వరసకి నాలుగు. మార్జిన్‌లో: 'గోపురం మీద బొమ్మలు కనబడ్డాయి.'

ఆ పిన్నిగారి గురించి చెప్పాలి. ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. మధ్యాహ్నాలు అమ్మా ఆవిడా మా అరుగు మీద కూర్చుని లేసు అల్లేవారు. మేం పుస్తకాలు సర్దుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడి, "అమ్మాయ్, పెన్నులు నేనే తెచ్చిచ్చేదాన్ని తెలుసా? మా అబ్బాయి షాపులో డజను లెక్కన. డబ్బులు తీసుకోకపోతే మీ అమ్మ ఊరుకునేది కాదు" అంది. కొంగులోంచి పన్నెండు నీలం పెన్నుల పెట్టె తీసి నా చేతిలో పెట్టింది. "ఇవి మాత్రం నా తరఫున" అంది. కోటి పూర్తయ్యేదాకా నేను ఆ పెన్నులతోనే రాశాను.

ఇక రాయడం. తేలిక అనుకున్నాను. ఎనిమిది వందల పేర్లు ఎంతసేపు? మొదటివారం రాత్రిళ్ళు వంటిల్లు సర్దుకుని కూర్చునేదాన్ని. బొటనవేలి కింద నొప్పి మొదలై మోచేతి దాకా పాకేది. నిద్రమత్తులో ఒకసారి చూసుకుంటే వరస చివర 'శ్రీరా' రాసి, కింద వరసలో 'మశ్రీ' అని మొదలుపెట్టాను. అలాంటి పేజీలు అమ్మ లెక్కలోకి తీసుకోదు కాబట్టి నేనూ తీసుకోలేదు. ఆ వారంలో మూడు పేజీలు అలా పోయాయి.

టెన్షన్ ఎక్కువైంది. చేయి పరుగెడుతుంటే మనసు ఆఫీసులో ఉండేది. తమ్ముడికి ఫోను చేసి "నావల్ల కావట్లేదురా" అంటే "అక్కా, అమ్మ పొద్దున్నే ఎందుకు రాసేదో ఇప్పుడు తెలిసింది. రాత్రి రాయకు" అన్నాడు. వాడు అప్పటికే మారాడట. నేనూ నాలుగున్నరకి అలారం పెట్టుకున్నాను. కుర్చీలో కాదు, కింద పీట వేసుకుని, స్టూలు మీద పుస్తకం. పది పన్నెండు రోజులకి చెయ్యి దారిన పడింది. ఒక్కో పేరు రాస్తూ లోపల పలకడం అలవాటైంది. నెల తిరిగేసరికి ఏమైందంటే, రాసిన గంటసేపూ నేను దేని గురించీ బెంగపడటం లేదని గమనించాను. అమ్మకి మొగుడు పోయి, చేతిలో పైసా లేక, ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఉన్న రోజుల్లో ఈ గంట ఎందుకు కావలసి వచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది. ఎవరూ పిలవని, ఎవరికీ బాకీ లేని గంట రోజు మొత్తంలో ఆవిడకి అదొక్కటే.

నేనూ మార్జిన్‌లో రాశాను. మొదట భయపడ్డాను, తర్వాత రాశాను. 2025 జనవరిలో భోగినాడు పాలకొల్లులో ఆ వంటింటి గుమ్మం పక్కనే కూర్చుని, 'పండక్కి వచ్చాను' అని పెన్సిలుతో రాశాను.

ఒక గొడవ కూడా జరిగింది. పూర్తయ్యాక పుస్తకాలన్నీ భద్రాచలం రామయ్యకి సమర్పించాలన్నది అమ్మ కోరిక. మొదటి పుస్తకం లోపలి అట్ట మీద రాసుకుంది. తమ్ముడు ఇవ్వనన్నాడు. "రామనామాలు దేవుడివే అక్కా. మార్జిన్‌లు మనవి" అన్నాడు. వాడి మాట కాదనలేను. అమ్మ మాటా కాదనలేను. చివరికి మరదలు దారి చూపించింది. రాత ఉన్న ప్రతి పేజీ ఫోనులో ఫోటో తీద్దామంది. ఐదు నెలలు పట్టింది. ఆరువేల పైచిలుకు ఫోటోలు. సగం పైన తీసింది మరదలే. అత్తగారి చేతిరాత తనకి నాకన్నా బాగా చదవడం వచ్చు ఇప్పుడు.

ఫోటోలు తీస్తుంటే 1999 పుస్తకంలోంచి చిన్న పొట్లం జారిపడింది. విప్పితే గులాబిరంగు బియ్యం గింజలు, వాటిలో రెండు ముత్యాలు. భద్రాచలం తలంబ్రాలు. బుక్కా గులాలు కలిపితే వచ్చే రంగు, పాతికేళ్ళైనా వెలిసిపోలేదు. అమ్మ జీవితంలో భద్రాచలం కల్యాణం చూసింది ఆ ఒక్కసారే. తిరిగొచ్చి మాకు ఎన్నిసార్లో చెప్పిన కథ గోపన్నది కాదు, దమ్మక్కది. గోపన్న తహసీల్దారు, గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు ఉన్నాడు, గొప్పవాడే. కానీ ఆయనకన్నా ముందు పోకల దమ్మక్క అనే ఆవిడ పాక వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టుకుంది. "ఆవిడ దగ్గర ఏముందే? ఉన్నదే పెట్టింది" అనేది అమ్మ.

2025 ఏప్రిల్ 6, ఆదివారం, శ్రీరామనవమి. ముందురోజే పాలకొల్లు చేరాం. ఆఖరి పేజీలో 64 పేర్లు మిగిలేలా లెక్క చూసుకుని ఉంచాను. తమ్ముడు, మరదలు, నేను, నా కూతురు, తలా పదహారు. నా కూతురు తెలుగు అక్షరాలు కూడబలుక్కుని రాస్తుంది. దాని పదహారూ పూర్తవడానికి పావుగంట పట్టింది. ఎవరం తొందరపెట్టలేదు. కింద ఎర్ర సిరాతో మొత్తం తమ్ముడు వేశాడు. ఒకటి పక్కన ఏడు సున్నాలు. వాడి చెయ్యి వణికింది. ఆ రోజు వీధంతా పానకం, వడపప్పు పంచాం. పిన్నిగారింటికి గిన్నెడు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

నవమి రద్దీ తగ్గాక, తర్వాతి వారం భద్రాచలం బయల్దేరాం. మొత్తం 479 పుస్తకాలు. పసుపు గుడ్డల్లో మూటలు కట్టి బొలెరోలో ఎక్కించాం. జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట మీదుగా దారి. గుడి దగ్గర అడిగితే ఒకాయన చోటు చూపించారు. మాకన్నా ముందు వచ్చినవాళ్ళవి అక్కడ గుట్టగా ఉన్నాయి. ఒక్కో మూటా మెట్లెక్కి మోశాం. కూలీని పెట్టుకోమని ఎవరో అంటే తమ్ముడు వద్దన్నాడు. ఆయన పైన ఉన్న పుస్తకం తెరిచి, మార్జిన్ చూసి, "ఇవేంటమ్మా, లెక్కలా?" అన్నారు. "మా అమ్మ రాసుకుందండి" అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండు మూడు పేజీలు చదివారు. ఇంకేమీ అడగలేదు. పుస్తకం కళ్ళకద్దుకుని మూట మీద పెట్టారు.

దర్శనం చేసుకుని, గోదారిలో కాళ్ళు కడుక్కుని బయల్దేరాం. బండి వెనక ఖాళీగా ఉండేసరికి ఎవరికీ మాట రాలేదు. అశ్వారావుపేట దాటాక తమ్ముడు స్టీరింగ్ మీంచి చూపు తిప్పకుండా అన్నాడు, "అక్కా, 2003 పుష్కరాలు తియ్యి."

ఫోటోలు వెతికి తీశాను. ఆగస్టు మొదటివారం, నరసాపురం వలంధర రేవు. చదివాను.

'ఆయనకి పిండం పెట్టించాను. పిల్లల తల మీద మూడు చెంబులు పోశాను. చిన్నాడు చలి చలి అన్నాడు. పదిరూపాయల మరమరాల ఉండలు కొనిపెట్టాను.'

"పదికాదే, ఐదే" అన్నాడు వాడు. "మిగతా ఐదూ నీకు జడరబ్బర్లు కొంది."